బతికున్న కంప్యూటర్‌కు మరణ ధ్రువీకరణ పత్రం

2025 అక్టోబర్ 14న లోకమంతటా కోట్లాది కంప్యూటర్లు పోయాయి. మర్నాడు పొద్దున అవన్నీ మామూలుగానే ఆన్ అయ్యాయి. ట్యాలీ తెరుచుకుంది. ప్రింటర్ ఎప్పట్లాగే ఒక కాగితం నమిలి ఇంకోటి వదిలింది. పిల్లలు యూట్యూబ్ చూశారు. తాము పోయిన సంగతి ఆ పెట్టెలకు తెలియదు. తెలిసిందల్లా అమెరికాలో రెడ్‌మండ్ అనే ఊళ్ళో ఉన్న మైక్రోసాఫ్ట్ వారి రికార్డులకే. ఆ రోజుతో విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి.

మన దగ్గర పింఛను జాబితాలో బతికున్న ముసలమ్మను పోయినట్టు రాసేస్తే, పాపం ఆవిడ ఆధార్ కార్డు చేతబట్టుకుని ఎంపీడీవో ఆఫీసుకు వెళ్ళి, గుమాస్తా ఎదుట నిలబడి, తాను ఊపిరి పీలుస్తున్నానని రుజువు చేసుకోవాలి. అదైనా నయం, ముసలమ్మ నోరు చేసుకోగలదు. ఆరో తరం ఐ5 ప్రాసెసర్‌కు నోరు లేదు. దాని తరఫున మాట్లాడాల్సిన యజమానేమో తెర నిండా పరుచుకున్న నోటీసు చూసి, ఇంట్లో ఇంజనీరింగ్ చదివే కుర్రాణ్ణి కేకేసి, ‘ఒరేయ్, ఇదేదో అప్‌గ్రేడ్ చెయ్యమంటోంది. చెయ్యాలా, వద్దా?’ అని అడుగుతాడు.

ఎంత అమాయకమైన ప్రశ్న! నిర్ణయం తన చేతిలోనే ఉందనుకుంటున్నాడు పాపం. ఆ నోటీసులో ఉన్న మీటలు చూడండి. ‘మరింత తెలుసుకోండి’ ఉంటుంది. ‘తర్వాత గుర్తుచేయండి’ ఉంటుంది. ‘నాకు అక్కర్లేదు, మళ్ళీ అడగొద్దు’ అనే మీట మాత్రం చాలా నోటీసుల్లో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. వాళ్ళు అడిగేది మీ అభిప్రాయం కాదు, మీరు ఎప్పుడు లొంగుతారన్న తేదీ.

ఈ విద్యలో వారికి పాత అనుభవం ఉంది. 2015 జూలై 29న విండోస్ 10 విడుదలైనప్పుడు, 7, 8.1 వాడేవాళ్ళకు ఏడాదిపాటు ఉచితమన్నారు. ఉచితమంటే మనవాళ్ళు ఎగబడతారు కదా, కానీ ఎగబడని మొండివాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ కోసం 2016లో ఒక కిటుకు కనిపెట్టారు. తెర మీద పడ్డ పెట్టెను మూసేయడానికి మూలన ఉన్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కితే, మీరు ఒప్పుకున్నట్టే లెక్క. ముందే ఖాయం చేసిన ముహూర్తానికి విండోస్ 10 దిగిపోయేది. సృష్టిలో ఏ కంప్యూటర్‌లోనైనా ఇంటూ నొక్కితే ‘వద్దు’ అని అర్థం. ఆ ఒక్క పెట్టెలో మాత్రం ‘సరే, కానివ్వండి’ అని అర్థం. గోల గట్టిగా లేచాక ఆ పద్ధతి మార్చారనుకోండి.

అప్పట్లో ఇంకో మాట కూడా చెప్పారు. 2015లో ఆ కంపెనీ ఉద్యోగి ఒకాయన సభాముఖంగా, ఇదే విండోస్‌లో చివరిది అన్నారు. ఇక అంకెలు పెరగవు, ఇదే ఎప్పటికప్పుడు కొత్తదవుతూ ఉంటుందని భావం. కంపెనీ ఆ మాట తప్పని అప్పుడేమీ చెప్పలేదు. జనం నమ్మారు. ఆరేళ్ళు తిరిగేసరికి, 2021 జూన్‌లో, చివరిదాని తర్వాతిదాన్ని ప్రకటించేశారు.

కథ అసలు మలుపు తిరిగింది ఇక్కడే. 2016లో వద్దన్నా ఎక్కించారు. 2021లో కావాలన్నా ఎక్కనివ్వమన్నారు. విండోస్ 11 కావాలంటే కంప్యూటర్ ముందుగా ఒక జాబితాలో ఉండాలట. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి. అంటే 2017 చివర్లో బజారుకొచ్చినవి మొదలు. అదే ఏడాది మొదట్లో ఏడో తరం ప్రాసెసర్ కొన్నవాడు నాలుగేళ్ళకే అనర్హుడయ్యాడు. ఏఎమ్‌డీ మొదటి రైజెన్ కొన్నవాడిదీ అదే గతి. నాలుగేళ్ళంటే కొందరికి ఈఎంఐలు తీరి ఊపిరి పీల్చుకున్న కాలం.

అర్హత తేల్చడానికి పీసీ హెల్త్ చెక్ అని ఒక ప్రోగ్రాము వదిలారు. అది కంప్యూటర్ నాడి పట్టుకుని, ‘ఇందులో విండోస్ 11 నడవదు’ అని తేల్చేసేది. ఎందుకు నడవదో చెప్పేది కాదు. నిన్న మొన్న కొన్న ఖరీదైన యంత్రాలవాళ్ళకు కూడా అదే జవాబు. గొడవ ముదిరితే కొద్ది రోజులకే ఆ ప్రోగ్రామును వెనక్కి తీసుకున్నారు. నెలల తర్వాత అది కారణాలు చెప్పడం నేర్చుకుని తిరిగి వచ్చింది.

ఇక జాబితా పవిత్రత గురించి ఒక ముచ్చట. ఏడో తరం ప్రాసెసర్లకు ప్రవేశం లేదని శాసించాక, ఇంట్లోనే చిక్కొచ్చిపడింది. మైక్రోసాఫ్ట్ స్వయంగా తయారుచేసి, 2018లో 3,499 డాలర్ల నుంచి ధర పెట్టి అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అనే కంప్యూటర్‌లో ఉన్నది ఏడో తరం ఐ7–7820హెచ్‌క్యూ. ఏం చేశారు? 2021 ఆగస్టులో జాబితాను పునఃపరిశీలించామన్నారు. కొన్ని ఖరీదైన ఎక్స్, జియాన్ చిప్‌లతోపాటు మామూలు ఏడో తరంలో ఆ ఒక్క చిప్‌ను, అదీ ఎంపిక చేసిన కొన్ని యంత్రాల్లో ఉన్నదాన్ని మాత్రం, లోపలికి రానిచ్చారు. దాని అన్నదమ్ములు, పినతండ్రి కొడుకులు బయటే ఉండిపోయారు. సాంకేతిక విజ్ఞానం ఇంత బంధుప్రీతితో పనిచేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండో షరతు టీపీఎం 2.0. ఇది రహస్య తాళాలను విడిగా దాచిపెట్టే చిన్న భద్రతా ఏర్పాటు. కొన్ని కంప్యూటర్లలో వేరే చిప్‌గా ఉంటుంది, కొన్నింటిలో ప్రాసెసర్ లోపలే ఉంటుంది. నిష్ఠూరమాడకూడదు, అది పనికొచ్చే వస్తువే. లాప్‌టాప్ దొంగల పాలైనా డిస్కులో ఉన్నది వాళ్ళు చదవకుండా కాపాడటంలో దానికి పాత్ర ఉంది. తమాషా ఎక్కడంటే, 2016 జూలై చివరి నుంచి విండోస్ 10తో అమ్మే కొత్త యంత్రాల్లో ఈ టీపీఎం 2.0 ఉండాలని కంపెనీలకు షరతు పెట్టింది మైక్రోసాఫ్టే. అంటే ఏడో తరం యంత్రాలు అనేకం దాన్ని ఒంట్లో పెట్టుకునే పుట్టాయి. ఒక తాళం తీసుకొచ్చినవాణ్ణి ఇంకో తాళం అడిగి వెనక్కి పంపారన్నమాట. ఇక ఎనిమిదో తరం యంత్రం ఉండీ ‘మీది పనికిరాదు’ అన్న జవాబు వచ్చినవాళ్ళలో కొందరికి రోగం వేరు. ఆ టీపీఎం లోపలే ఉంటుంది, బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. బిడ్డను చంకనెత్తుకుని ఊరంతా గాలించే బాపతు. కొత్త లాప్‌టాప్‌కు డబ్బు కట్టడానికి ముందు, ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి, ఇంటెల్‌దైతే పీటీటీ, ఏఎమ్‌డీదైతే ఎఫ్‌టీపీఎం అని రాసి ఉన్న వరుసను ఒకసారి చూడండి.

అడ్డదారి కూడా ఉంది. రిజిస్ట్రీలో ఒక గీత మారిస్తే జాబితాలో లేని ప్రాసెసర్ మీదా పదకొండు ఎక్కుతుంది. ఆ గీత ఏదో 2021లో కంపెనీయే తన సహాయ పేజీలో రాసిపెట్టింది, ‘మేం చెప్పం, కానీ ఇలా చేస్తే అవుతుంది’ అన్న ధోరణిలో. 2025 మొదట్లో ఆ ముక్క కత్తిరించేశారు. యంత్రం అర్హత మారలేదు, పేజీ మారింది.

ఇంతవరకు చెప్పినవన్నీ చిల్లర దొంగతనాలు. అసలు దోపిడీకి మంచి పేరే పెట్టారు. భద్రత.

పాత ఓఎస్‌లో కొత్త లొసుగులు బయటపడుతూనే ఉంటాయి, వాటికి మాటు వేసేవాడు లేకపోతే ప్రమాదం, కాబట్టి మారండి. ఇదీ వాదన. వాదనలో అబద్ధం లేదు. అదే దాని గొప్పతనం. అబద్ధం చెప్పి అమ్మేవాడితో పేచీ పెట్టుకోవచ్చు, నిజం చెప్పి అమ్మేవాడితో ఏం మాట్లాడతాం? అయితే ఈ నిజంలోంచి ఒక వాక్యం జారిపోయింది. అక్టోబర్ 14 తర్వాత కూడా విండోస్ 10కు మాట్లు తయారవుతూనే ఉన్నాయి. ప్రతి నెలా. అదే ఇంజనీర్లు, అదే కోడు.

ఎవరి కోసమో చూద్దాం. పెద్ద కంపెనీలు మొదటి ఏడాదికి యంత్రానికి 61 డాలర్లు కడితే ఇస్తారు. రెండో ఏడు రెట్టింపు, మూడో ఏడు దానికి రెట్టింపు, అలా 2028 అక్టోబర్ వరకు. బడులకూ కాలేజీలకూ అదే మాటు మొదటి ఏడు ఒక్క డాలర్‌కే. విద్యారంగం పట్ల ప్రేమకు సంతోషమే, కానీ ఒక డాలర్‌కు ఇవ్వగలిగినదాన్ని 61కి అమ్మడాన్ని మన కిరాణా కొట్టువాడు చేస్తే తూనికల శాఖకు ఫిర్యాదు వెళ్ళేది. యంత్రాల్లోనూ కియోస్కుల్లోనూ బిగించే విండోస్ 10లో ఒక రకానికైతే 2032 జనవరి దాకా సపోర్ట్ ఉంది. అదీ విండోస్ పదే. పోయిందని మీకు కబురు పెట్టిన ఆ పదే.

ఇక మీకూ నాకూ. ఇంట్లో వాడేవాళ్ళకు 2026 అక్టోబర్ 13 వరకు ఒక ఏడాది పొడిగింపు ప్రకటించారు. మూడు దారులు. 30 డాలర్లు కట్టండి. మన లెక్కలో రెండున్నర వేల పైమాటే. లేదంటే మీ సెట్టింగులు వాళ్ళ వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ పెట్టండి, ఉచితం. అదీ కాదంటే వెయ్యి రివార్డ్ పాయింట్లు సంపాదించండి. ఈ పాయింట్లు వచ్చే మార్గాల్లో ముఖ్యమైనది బింగ్‌లో వెతకడం. అంటే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు తన కంప్యూటర్‌కు దొంగల భయం లేకుండా ఉండాలంటే, ఎవరూ వెళ్ళని వెతుకులాట యంత్రం దగ్గరకు వెళ్ళి, ‘గుంటూరు వాతావరణం’, ‘గోంగూర పచ్చడి తయారీ’ అని వెతికి పుణ్యం మూటగట్టుకోవాలి. మూడు దారుల్లో ఏది పట్టినా, డబ్బు కట్టినా సరే, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కావలసిందే. కట్టిన డబ్బుకు రసీదు చాలదు, మనిషి కూడా కావాలి.

యూరప్‌వాళ్ళు దీనికి ఒప్పుకోలేదు. అక్కడి వినియోగదారుల సంఘాలు గట్టిగా పట్టుబడితే, 2025 సెప్టెంబర్‌లో యూరోపియన్ ఆర్థిక ప్రాంతపు దేశాలవారికి డబ్బూ బ్యాకప్ షరతూ రెండూ ఎత్తేశారు. ఖాతాతో లాగిన్ అయితే చాలు. ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసే తెనాలి అబ్బాయి పాత లాప్‌టాప్‌కు రక్షణ హక్కుగా వచ్చింది. తెనాలిలో ఉన్న తండ్రి కంప్యూటర్‌కు అదే రక్షణ షరతుల మీద వస్తుంది. ఇద్దరిదీ ఒకే ఓఎస్, ఒకే లొసుగు. దొంగ రష్యావాడైనా రాజమండ్రివాడైనా ఇద్దరి ఇంటికీ ఒకే కిటికీలోంచి దూరతాడు. తేడా ఎక్కడుందంటే అక్కడ అడిగే సంఘం ఉంది. ఇక్కడ అడగడానికి మనకు తీరిక లేదు. మనం వేరే విషయంలో గర్వపడుతూ ఉన్నాం.

ఆ గర్వం సంగతీ చెప్పుకోవాలి. 2014 ఫిబ్రవరిలో సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారని తెలిసినప్పుడు మనం పండగ చేసుకున్నాం. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన కుర్రాడు, యుగంధర్ గారబ్బాయి, మనవాడు. నిజంగానే గర్వపడాల్సిన సంగతే, ఆయన సమర్థతను శంకించేవాడు ఎవడూ లేడు. కాకపోతే బంధుత్వానికీ వ్యాపారానికీ తేడా మనకు తెలియదు, ఆయనకు తెలుసు. ఆయన కుర్చీలో కూర్చున్న రెండు నెలలకు, 2014 ఏప్రిల్ 8న, విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆపేశారు. విండోస్ 10 పుట్టిందీ పోయిందీ ఆయన హయాంలోనే. ‘మనవాడు ఉండగా మన కంప్యూటర్‌కేం’ అనుకునే పెద్దలు మన వైపు ఇంకా ఉన్నారు. మనవాడి జాబితాలో మన ఆరో తరం లేదు.

భద్రత మాట వట్టిది కాదనడానికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. 2017 మేలో వాన్నాక్రై అనే పురుగు ప్రపంచాన్ని చుట్టబెట్టింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే రకం. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారినపడ్డాయి. దొంగలను పట్టేవారి ఇంట్లోనే దొంగ పడ్డాడని నవ్వుకున్నాం కానీ, అందులో పాఠం ఉంది. ఆ లొసుగుకు మాటు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. దెబ్బతిన్న యంత్రాల్లో అత్యధికం, అప్పటికి సపోర్ట్ ఉన్న విండోస్ 7వే. అంటే కొత్త ఓఎస్ ఉందా లేదా అన్నదానికంటే, ఉన్నదానికి అప్‌డేట్ వేశారా లేదా అన్నదే ప్రాణం నిలబెట్టింది.

అదే ప్రమాదంలో ఇంకో వింత బయటపడింది. సపోర్ట్ పోయి మూడేళ్ళయిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు, రాత్రికి రాత్రే మాటు విడుదల చేసింది. అంత తొందరగా ఎలా కుట్టారు? కుట్టలేదు. డబ్బు కట్టే ప్రత్యేక ఖాతాదారుల కోసం అది ముందే తయారై ఉంది. లోకం గగ్గోలు పెట్టాక బీరువా తలుపు తీశారు, అంతే.

మన బ్యాంకులూ తక్కువ తినలేదు. ఎక్స్‌పీ పోయిన నాలుగేళ్ళకు, 2018 జూన్‌లో, రిజర్వు బ్యాంకు ఏటీఎంల నుంచి దాన్ని దశలవారీగా తీసేయమని, 2019 జూన్‌కల్లా పూర్తి చేయమని బ్యాంకులకు గడువులు పెట్టి మరీ చెప్పాల్సి వచ్చింది. మన జీతాలు లెక్కపెట్టే పెట్టె అన్నేళ్ళు దిక్కులేనిదై నడిచింది. మనింట్లో పిల్లాడి గేములాడే కంప్యూటర్‌కు మాత్రం మూణ్ణిమిషాలకోసారి హెచ్చరిక.

రెడ్‌మండ్‌ను తిట్టాం కదా, ఇక మన పెరడు కూడా ఊడుద్దాం. భద్రత గురించి తెగ బెంగపడే మన కంప్యూటర్లలో విండోస్ ఎలా వచ్చింది? సర్వీసు కుర్రాడు వచ్చాడు, ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’ అన్నాడు, పెన్‌డ్రైవ్ గుచ్చాడు, మూడొందలు తీసుకున్నాడు. ఒరిజినలా అని మనం అడగలేదు, అతను చెప్పలేదు. యాక్టివేట్ చేయడానికి ఎక్కడిదో తెలియని ఒక క్రాక్ ఫైలు. అది నడవాలంటే మొదటి మెట్టు యాంటీవైరస్ ఆపడం. రెండో మెట్టు అప్‌డేట్లు శాశ్వతంగా ఆపడం, ఎందుకంటే అప్‌డేట్ వస్తే క్రాక్ ఊడుతుంది. ఆ విధంగా 2019లోనే అప్‌డేట్లు ఆగిపోయిన మనిషి 2025లో ‘అయ్యో, అప్‌డేట్లు ఆగిపోతాయటగా’ అని నిద్ర మానేశాడు. అయ్యా, మీరు నిశ్చింతగా పడుకోండి. మీకు కొత్తగా వచ్చిన ప్రమాదం ఏదీ లేదు.

డీటీపీ షాపు సంగతి వేరు. శుభలేఖలు, కరపత్రాలు, వర్ధంతి ఫ్లెక్సీలు చేసే షాపులో మూలనున్న కంప్యూటర్ చూడండి. అందులో అడోబీ పేజ్‌మేకర్ 7 ఉంటుంది. 2001లో వచ్చిన ఆఖరి పేజ్‌మేకర్ అది, తయారుచేసినవాళ్ళే మర్చిపోయారు. పక్కన అను ఫాంట్లు. యూనికోడ్ వచ్చి ఇన్నేళ్ళయినా మన పెళ్ళిళ్ళు ఆ ఫాంట్లలోనే జరుగుతున్నాయి. ఆ పెట్టెను పదకొండుకు మార్చమంటే షాపాయన మొహం చూసి, ‘మార్చాక ఒత్తులు ఎగిరిపోతే పెళ్ళికూతురి పేరు మీరు దిద్దుతారా?’ అంటాడు. ఆయన మాటలో ఉన్నంత ఇంజనీరింగ్ ఏ నోటీసులోనూ లేదు. ఆ కంప్యూటర్‌కు అప్‌గ్రేడ్ అక్కర్లేదు. నెట్ తీగ పీకేస్తే చాలు. అయితే ఖాతాదారు తెచ్చే పెన్‌డ్రైవ్ ఒకటుంది చూశారూ, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మార్చేసే వైరస్‌ను ఊరి జిరాక్సు సెంటర్లన్నీ తిప్పుకొచ్చేది అదే. దానికి సపోర్ట్ ఏ సంవత్సరంలోనూ ఆగలేదు.

కొత్తది కొనేస్తే పోలేదా అంటారు ఉదారులు. కనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 డిసెంబర్‌లో ఒక అంచనా వేసింది. ఈ మార్పు వల్ల దాదాపు 24 కోట్ల పీసీలు చెత్తకుప్పకు చేరవచ్చట. వాటన్నిటినీ మూసిన లాప్‌టాప్‌లనుకుని ఒకదాని మీద ఒకటి పేరిస్తే చంద్రుణ్ణి దాటి మరో 600 కిలోమీటర్లు పోతుందట. చంద్రయానానికి మనవాళ్ళు అంత కష్టపడ్డారు కానీ, దగ్గరి దారి ఇదే. ఇక ధర. కొత్త కంప్యూటర్లలో ఏఐ ఉండాలంటున్నారు, దానికి కనీసం 16 జీబీ ర్యామ్ కావాలంటున్నారు. అదే ఏఐ కోసం కట్టే డేటా సెంటర్లు లోకంలోని మెమరీ చిప్‌లను ఊడ్చుకుపోతుంటే 2025 చివరికల్లా ర్యామ్ ధరలు మండిపోయాయి. క్రూషియల్ పేరుతో మనబోటివాళ్ళకు ర్యామ్ అమ్మే మైక్రాన్ ఆ వ్యాపారాన్నే మానుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. ఏఐ కోసం కొత్తది కొనమనేదీ ఏఐయే, కొనలేకుండా చేసేదీ ఏఐయే.

కొన్నామే అనుకోండి, ఏమొస్తుంది? 2024 మేలో రీకాల్ అని ఒక సౌకర్యం ప్రకటించారు. మీ తెర మీద జరిగేదాన్ని కొన్ని సెకన్లకోసారి ఫోటో తీసి దాచి, తర్వాత మీరు మర్చిపోయినదాన్ని వెతికిపెడుతుందట. భద్రత కోసం పాతది వదలమన్నవాళ్ళ కొత్తింటి కానుక ఇది. నిపుణులు నెత్తీనోరూ కొట్టుకున్నాక వాయిదా వేసి, మీరు కావాలంటేనే అని మార్చి, దాదాపు ఏడాదికి వదిలారు.

పదకొండు సొగసు గురించి ఎక్కువ చెప్పను. ఫైలు మీద కుడి మీట నొక్కితే గుండ్రటి అంచులతో అందమైన పట్టీ వస్తుంది. మనకు కావాల్సింది అందులో ఉండదు. అడుగున ‘మరిన్ని ఎంపికలు చూపు’ నొక్కితే పాత పట్టీ యథాతథంగా ప్రత్యక్షం. కొత్త సెట్టింగుల వెనక పాత కంట్రోల్ ప్యానెల్ కూడా క్షేమమే. అరుగు మీద మార్బుల్, లోపల అదే వంటిల్లు.

ఇక్కడ లైనక్స్ మిత్రుడు గొంతు సవరించుకుంటాడు. ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు. వాడు చెప్పేది నిజమే, వాడు చెప్పే తీరువల్ల ఎవరూ నమ్మరు. మింట్, జోరిన్ అనే లైనక్స్ రకాలు ఆరో తరం యంత్రం మీద హాయిగా పరిగెడతాయి, డబ్బు అడగవు, జాతకం అడగవు. జోరిన్‌వాళ్ళు తమ 18వ కూర్పును సరిగ్గా 2025 అక్టోబర్ 14నే విడుదల చేశారు, కర్మకాండ రోజునే గృహప్రవేశం పెట్టుకున్నట్టు. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ళ తరబడి పిల్లలు నేర్చుకుంటున్నది లైనక్స్ మీదే. తెలుగులో లైనక్స్ కోసం హైదరాబాద్ ‘స్వేచ్ఛ’ సంస్థవాళ్ళు ఎప్పుడో నడుం కట్టారు. అయినా మన బడుల్లో, ఆఫీసుల్లో అది దిగలేదు. ఎందుకంటే వేలిముద్రల పరికరానికి డ్రైవర్, టెండర్ వేయడానికి డిజిటల్ సంతకపు డాంగిల్, అను ఫాంటు, ట్యాలీ, ఇవన్నీ విండోస్‌కే తాళి కట్టించుకుని కూర్చున్నాయి. ఆ మాట చెబితే మిత్రుడు టెర్మినల్ తెరిచి నల్ల తెర మీద నాలుగు వరుసలు కొట్టి చూపిస్తాడు. మనం కాఫీ ఇచ్చి పంపిస్తాం.

కాబట్టి కుర్రాడి చేత ముందు ఒక పని చేయించండి. ‘ఈ పీసీ గురించి’ తెరిచి, ఐ5 పక్కనున్న అంకె చూడమనండి. గీత తర్వాత 8 గానీ 9 గానీ, లేదా 10, 11 అని రెండంకెలు గానీ ఉంటే బయోస్‌లో టీపీఎం ఆన్ చేసి, ఫైళ్ళు వేరే డిస్కులోకి ఎత్తిపెట్టుకుని, పదకొండు వేసుకోండి, అంతటితో ఈ గొడవ మీది కాదు. 6, 7 అయితే, బ్యాంకు పనులకు అదే యంత్రం వాడుతుంటే, ఆ ఏడాది పొడిగింపు తీసుకోండి. ఉచితమైన దారిలోనే తీసుకోండి, బింగ్‌కు పచ్చడి నేర్పక్కర్లేదు. పాత హార్డ్ డిస్కు ఇంకా గిరగిరా తిరుగుతుంటే దాని బదులు ఎస్ఎస్‌డీ పెట్టించండి. ‘సిస్టమ్ స్లో అయింది, కొత్తది కొనాలి’ అన్న రోగాల్లో సగం ఆ ఒక్క దెబ్బతో కుదురుతాయి. బ్రౌజర్ తప్ప ఇంకేదీ తెరవని ఇంట్లో లైనక్స్ మిత్రుణ్ణి ఈసారి కాఫీతో సరిపెట్టకుండా కూర్చోబెట్టండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సెకండ్ హ్యాండ్ థింక్‌ప్యాడ్ కొనేవాళ్ళు బేరం మొదలుపెట్టకముందే ఆ అంకె చూడండి. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉన్నది ఒక్క అంకే, అమ్మేవాడు మాత్రం ‘రెండూ ఒకటే సార్’ అంటాడు.

పదకొండు వేసుకుని ‘హమ్మయ్య’ అన్నవాళ్ళకు ఒక్క సంగతి. వాళ్ళలో కొందరి దగ్గర ఉన్నది 2024లో వచ్చిన 24హెచ్2 కూర్పు. దాని హోమ్, ప్రో రకాలకు సపోర్ట్ ముగిసే తేదీ కూడా కంపెనీ ముందే ప్రకటించింది. 2026 అక్టోబర్ 13. పాత పదికి ఇచ్చిన పొడిగింపు ముగిసేదీ సరిగ్గా ఆ రోజే. మారినవాడూ మారనివాడూ ఒకే రోజు ఒకే నోటీసు అందుకుంటారు. మారినవాడికి తర్వాతి కూర్పు ఉచితంగా ఇస్తారట, అతని ప్రాసెసర్ పేరు అప్పటి జాబితాలో ఉంటే.